కిట్టు సంచిలో రెండో గ్లవ్

నేను ఒక క్యాచర్ గ్లవ్‌ను. బేస్‌బాల్ ఆటలో బ్యాట్ పట్టుకున్న మనిషి వెనకాల గొంతుక్కూర్చుని, పిచ్చర్ విసిరిన ప్రతి బంతినీ పట్టే మనిషిని క్యాచర్ అంటారు. క్రికెట్ తప్ప మరో ఆట తెలియనివాళ్లు వికెట్ కీపర్ అనుకుని సర్దుకుపోవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు. ఆ మనిషి ఎడమ చేతికి తొడుక్కునేది నన్ను. మిగతా గ్లవ్‌లలాగా నాకు వేళ్లు విడివిడిగా ఉండవు. లావుగా, గుండ్రంగా ఉంటాను. మొదటిసారి చూసినవాళ్లు నన్ను దిండు అనుకుంటారు. ఒకాయన అనుకోవడంతో ఆగలేదు, ఏకంగా నా మీద కూర్చున్నాడు. ఆయన గురించి త్వరలోనే చెబుతాను.

పుట్టింది జలంధర్‌లో, ఒక ఇరుకు సందులోని కార్ఖానాలో. నాకో జోడు ఉంది. ఇద్దరిదీ ఒకే గేదె తోలు. అయితే దానికి వీపు తోలు దక్కింది, నాకు మెడ దగ్గరి మొండి తోలు దక్కింది. మమ్మల్ని కుట్టిన బల్బీర్ అనే ఆయన దాని పని పూర్తిచేసి చూసుకుంటే లోపల కూరే ఉన్ని చాలా మిగిలిపోయింది. పారేయడానికి చేతులు రాక, ఉన్నదంతా నాలో కూరేశాడు. పొదుపరి మనిషి. ఆయన పొదుపు వల్ల నేను పీటలాగా తయారయ్యాను. నన్ను మూయాలంటే రెండు చేతులూ కావాలి. ఒక చేత్తో మూసి బంతి పట్టాల్సిన వస్తువుకు ఇంతకంటే పెద్ద లోపం ఏముంటుంది?

మా ఇద్దరినీ ఒకే గోనెసంచిలో కట్టి కోరుట్ల దాటాక వచ్చే ఒక చిన్న టౌనుకు పంపారు. అక్కడి హైస్కూలు గ్రౌండులో సాయంత్రాలు ఆడవాళ్ల బేస్‌బాల్ జట్టు సాధన చేసేది. వాళ్లకు శిక్షకుడు విఠల్ సార్, ఆ స్కూలు పీఈటీ. ఇరవై రెండేళ్లు సాఫ్ట్‌బాల్ నేర్పిన మనిషి. నేను రావడానికి నాలుగేళ్ల ముందు జిల్లాలో బేస్‌బాల్ కూడా మొదలుపెట్టమన్నారు, మొదలుపెట్టాడు. "సాఫ్ట్‌బాల్ బంతి పెద్దది, కిందికెల్లి ఏస్తరు. బేస్‌బాల్ బంతి చిన్నది, మీదికెల్లి ఏస్తరు. మిగిలిందంత ఒక్కటే" అని ఆయన సిద్ధాంతం. నియమాల పుస్తకం ఒకటి సంచిలో నా పక్కనే ఉండేది. దాని ప్లాస్టిక్ కవరు ఎవరూ చింపలేదు. ఒక్కటే అయినప్పుడు చింపి చదవడం దేనికి?

జట్టులో క్యాచర్ ఒక్కతే, శ్రీవాణి. గ్రామీణ బ్యాంకులో ఉద్యోగం, గట్టి మనిషి, గట్టి గొంతు. సంచి విప్పిన రోజున రెండు గ్లవ్‌లూ తొడిగి చూసి, నా జోడును తీసుకుని నన్ను కింద పడేసింది. అంతే, ఆ రోజు నుంచి నేను స్టెప్నీ టైరునయ్యాను. కాదు, స్టెప్నీకి నాకంటే మర్యాద ఎక్కువ, ఎప్పుడో ఒకప్పుడు దాని అవసరం వస్తుందని అందరూ నమ్ముతారు. నన్ను స్టోర్‌రూం తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టారు. టీ గిన్నె పొయ్యి మీది నుంచి దించడానికి మసిగుడ్డలాగా వాడారు. చివరికి విఠల్ సార్ స్కోరు రాసుకునేటప్పుడు నన్ను గట్టు మీద వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. రెండేళ్లు కూర్చున్నాడు. ఆయన బరువు గురించి నేను మాట్లాడను. పెద్దమనిషి.

అలాంటి రోజుల్లో గంగామణి వచ్చింది.

గంగామణి ఇంట్లో బీడీలు చుడుతుంది. స్కూల్లో ఉన్నప్పుడు విఠల్ సార్ దగ్గరే సాఫ్ట్‌బాల్ ఆడిందట. పెళ్లయ్యాక ఎనిమిదేళ్లు గ్రౌండు ముఖం చూడలేదు. ఒక సాయంత్రం చెప్పులు గట్టు కింద విడిచి వచ్చి, "సార్, నేను మల్ల ఆడుత. ఎనకాల కూసుంట" అంది. వెనకాల కూర్చోవడం అంటే క్యాచర్ పని. ఆయన శ్రీవాణి వైపు చూశాడు, తర్వాత లేచి తన కిందున్న నన్ను తీసి గంగామణికి ఇచ్చాడు. నాకు ఆ క్షణం ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆయన లేచినందుకు సగం, నన్నొకరు చేతికి తొడుక్కున్నందుకు సగం.

సంతోషం ఎక్కువసేపు లేదు. మొదటి బంతి నాకు తగిలి పది అడుగుల అవతల పడింది, రెండోదీ అంతే. శ్రీవాణి నవ్వింది. గంగామణి నన్ను తిప్పి తిప్పి చూసి, "ఇది మెత్తవడాలె" అని నన్ను ఇంటికి పట్టుకుపోయింది.

నన్ను మెత్తబరిచిన తీరు జలంధర్‌లో చెబితే బల్బీర్ నమ్మడు. ఆముదం రాసి, నాలో ఒక బంతి పెట్టి, గోనెతాడుతో బిగించి కట్టి, నన్ను కింద వేసుకుని కూర్చుంది. ఒళ్లో చాట పెట్టుకుని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా బీడీలు చుట్టింది. ఆకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం. రోజుకు వెయ్యి బీడీలు, రోజుకు ఆరేడు గంటలు నేను ఆమె కింద. విఠల్ సార్ కూడా కూర్చున్నాడు కదా అంటారేమో, ఆయన బంతి లేకుండా కూర్చున్నాడు. అందుకే అప్పుడు అప్పడంలా అణిగిపోయానే తప్ప మధ్యలో గుంట పడలేదు. బంతి ఆగాలంటే గుంట ఉండాలి. నెల తిరిగేసరికి బంతి నాలోకి వచ్చి ఇంటికి చేరినట్టు కూర్చోవడం మొదలుపెట్టింది. మెడ తోలు మొండిదే, కానీ ఒకసారి లొంగితే మళ్లీ మాట తప్పదు. కాకపోతే ఒళ్లంతా తంబాకు వాసన పట్టింది.

ఆ వాసనకు మొదట తుమ్మింది నస్రీన్. ఆమె జట్టుకు ముఖ్యమైన పిచ్చర్, పగలంతా బ్లౌజులు కుడుతుంది. పిచ్చర్ మ్యాచ్‌కు ముందు యాభై అరవై బంతులు వేసి చేయి వేడి చేసుకోవాలి. ఆ బంతులు ఎవరో ఒకరు పట్టాలి. శ్రీవాణి బ్యాంకు నుంచి ఆలస్యంగా వచ్చేది కనుక ఆ పని గంగామణిది అయింది. రోజూ సాయంత్రం గోడ పక్కన వాళ్లిద్దరే, మధ్యలో నేను. అక్కడే నస్రీన్ ఒక కొత్త బంతి నేర్చుకుంది. నేరుగా వచ్చినట్టే వచ్చి, బ్యాట్ దగ్గరికి చేరగానే కిందికి జారిపోయే బంతి. బాగా పడితే ఎవరూ కొట్టలేరు. కాస్త అటూ ఇటూ అయితే నేలకు తగిలి ఎటు ఎగురుతుందో దేవుడికే తెలియాలి. మొదటి వారం అది గంగామణి మోచేతికి, భుజానికి, ఒకసారి గడ్డానికి తగిలింది. "సారీ గంగక్కా, సారీ" అంటూ నస్రీన్ పరుగెత్తుకొచ్చేది. "ఏం గాలే. మల్ల ఎయ్యి" అనేది గంగామణి. దానికి జారుడు బంతి అని పేరు పెట్టింది కూడా ఆమే.

రాష్ట్ర పోటీలు ఆ ఏడాది ఆదిలాబాద్‌లో అన్నారు. పదహారు మందికే చోటు. విఠల్ సార్ గట్టు మీద కూర్చుని, ఈసారి వట్టి గట్టు మీదే, పదిహేను పేర్లు గబగబా రాశాడు. పదహారో దగ్గర పెన్ను ఆగింది. ఒకవైపు గంగామణి. ఇంకోవైపు పరుగు పందాల్లో బహుమతులు తెచ్చుకునే ఒక అమ్మాయి. బ్యాట్ పట్టడం రాదు, బంతి పట్టడం రాదు, కానీ పరుగెత్తితే ఎవరికీ దొరకదు.

"ఒక్క ఇంటికి ఇద్దరు వాచ్‌మన్లు ఎందుకమ్మ?" అన్నాడు సార్. "శ్రీవాణి ఉన్నది. ఆమెకు అలుపొస్తే ఒక ఇన్నింగ్స్ కూసోవెడ్త, మల్ల దింపుత. సాఫ్ట్‌బాల్‌ల ఇరవై ఏండ్లు అట్లనే చేసిన."

సాఫ్ట్‌బాల్‌లో అది చెల్లుతుంది. మొదట ఆడిన మనిషిని బయటికి పిలిచి, ఒకసారి మళ్లీ దింపొచ్చు. బేస్‌బాల్‌లో చెల్లదు, బయటికొస్తే ఆ మ్యాచ్‌కు ఆమె ఆట అయిపోయినట్టే. ఈ సంగతి నా పక్కనున్న పుస్తకంలో రాసి ఉంది. పుస్తకం నోరు ప్లాస్టిక్‌తో మూసి ఉంది. నాకేమో నోరే లేదు. జట్టంతా తల ఊపింది.

గంగామణి నన్ను చంకలో పెట్టుకుని నేల చూపులు చూసింది. నన్ను ఎంత గట్టిగా అదుముకుందో నాకు తెలుసు. ఆమెకు కప్పులు, పతకాలు అక్కర్లేదు. జిల్లా పేరున్న చొక్కా వేసుకుని ఒక్క మ్యాచ్‌లో, ఒక్క ఇన్నింగ్స్ వెనకాల కూర్చోవాలి, అంతే. ఎనిమిదేళ్లు బీడీలు చుడుతూ ఆ ఒక్కటే తలుచుకున్నానని ఒకసారి నస్రీన్‌తో అంది. నేను విన్నాను.

మాట్లాడింది నస్రీన్. "సార్, మ్యాచ్‌కు ముంగట నా బంతులు ఎవరు పడ్తరు?"

"నేను పడ్త."

"మీరా?"

"ఎందుకు, నాకు చేతుల్లేవా?" అని సార్ గంగామణి దగ్గర నన్ను లాక్కుని తొడుక్కున్నాడు. మోకాళ్లు మడిచి కూర్చోబోయి సగంలో ఆగాడు. నాలుగు బంతులు బాగానే పట్టాడు. నేను సహకరించాను, అబద్ధమెందుకు. ఐదోది జారుడు బంతి. అది నా కింది నుంచి వెళ్లి సార్ మోకాలి చిప్ప మీద వాలింది. ఆయన "అమ్మా" అనలేదు, "అవ్వా" అని అరిచాడు. మనిషికి నిజంగా నొప్పి పుడితే ఇంట్లో పిలిచే పిలుపే వస్తుంది.

నేల మీద కాలు చాపుకుని కూర్చునే పదహారో పేరు రాశాడు. "వార్మప్ కోసమే తీస్కపోతున్న గంగామణీ. మ్యాచ్ ఆడిపిస్తనని ఆశ పెట్టుకోకు."

"సరే సార్" అంది. సరే అన్న మనిషి ఇంటికి వెళ్లే దారంతా నన్ను గాల్లోకి ఎగరేసి పట్టుకుంటూ నడిచింది.

ఆదిలాబాద్‌లో మా జట్టు మొదటి మ్యాచ్ గెలిచింది. నేను గోడ పక్కన యాభై ఎనిమిది బంతులు పట్టి, మిగతా మ్యాచ్ బెంచీ మీద చూశాను. అంతకుముందు మా జిల్లా ఎప్పుడూ మొదటి మెట్టు దాటలేదు కాబట్టి ఆ రోజు అందరూ రెండు ప్లేట్లు జిలేబీ తిన్నారు. క్వార్టర్ ఫైనల్ మరుసటి రోజు. ఏడు ఇన్నింగ్స్‌ల ఆట. ఏడోదానికి వచ్చేసరికి చెరో నాలుగు పరుగులు.

మేం బ్యాటింగ్. మూడు బేస్‌లు దాటి, కొట్టిన చోటికే తిరిగొస్తే ఒక పరుగు, ఆ చోటును ఇల్లు అంటారు. శ్రీవాణి గట్టిగా కొట్టి రెండో బేస్ చేరింది, కానీ ఆరు ఇన్నింగ్స్‌లు గొంతుక్కూర్చున్న మోకాళ్లు పరుగుకు పనికిరావు. విఠల్ సార్ చటుక్కున లేచి, ఆమెను బయటికి పిలిచి, ఉన్నవాళ్లలో కాలు చురుకైన ఒకరిని ఆమె స్థానంలో నిలబెట్టాడు. తర్వాతి దెబ్బకు ఆ చురుకైన మనిషి రెండో బేస్ నుంచి ఇంటి దాకా ఒకటే పరుగు. ఐదు, నాలుగు! సార్ ఎగిరి గంతేశాడు, మోకాలు కూడా మరిచిపోయాడు. ఎత్తు పారినప్పుడు మనిషి ముఖం ఎంత చిన్నపిల్లాడిలా ఉంటుందో ఆ రోజు చూశాను.

ఇక అవతలి జట్టు చివరి బ్యాటింగ్. వాళ్లను ఆపితే గెలిచినట్టే. "శ్రీవాణీ, తొడుక్కో" అన్నాడు సార్. ఆమె ముఖానికి మాస్కు పెట్టుకుని గీత దాటబోయింది. అంపైర్ చేయి అడ్డం పెట్టాడు.

"ఆమె బయటికొచ్చింది కదండీ. ఇంక లోపలికి రాకూడదు."

"ఒక్కసారి రావచ్చు సార్. రూలే అది."

"అది సాఫ్ట్‌బాల్ రూలండీ. ఇది బేస్‌బాల్."

అంపైర్ తన పుస్తకం తెరిచి చూపించాడు. సార్ ఒక పేరా చదివాడు, మళ్లీ చదివాడు. ఇరవై రెండేళ్ల అనుభవం ఆయన మొహం మీది నుంచి చెమటలాగా కారిపోవడం నేను బెంచీ మీది నుంచి చూశాను. జాలేసింది. ఎంతైనా రెండేళ్లు మోసిన మనిషి. ఆయన మెల్లగా మా బెంచీ వైపు తిరిగాడు.

"గంగామణీ..." అన్నాడు.

ఆమె అప్పటికే లేచి నిలబడింది.

కాళ్లకు కట్టే గార్డులు శ్రీవాణి కొలతకు బిగించి ఉన్నాయి, వాటి బకిల్స్ గంగామణికి పట్టుబడలేదు. శ్రీవాణి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటీ తనే పెట్టింది. ఛాతీ కవచం కట్టింది, మాస్కు తొడిగింది. బయటికి రావాల్సొచ్చినందుకు ఆమె కళ్లలో నీళ్లున్నాయి, అయినా చేతులు మాత్రం తమ పని చేశాయి. చివరగా నా జోడును, ఆ వీపు తోలు దొరసానిని, అందించింది. "ఇది తీస్కో. మంచిగ ఒంగుతది."

"వద్దక్కా. నాది నాకున్నది" అంది గంగామణి.

ఎవరేమనుకున్నా సరే చెబుతున్నాను, నా బతుకులో అంతకంటే గొప్ప మాట వినలేదు.

గొప్ప మాట విన్న గర్వంతో మొదటి బంతి వదిలేశాను. ఒప్పుకుంటున్నాను. గోడ పక్కన వందల బంతులు పట్టాం, కానీ అక్కడ అరిచే జనం లేరు, కళ్ల ముందు తిరిగే బ్యాటూ లేదు. అంతలో ఒకామె కొట్టి మొదటి బేస్ చేరింది. తర్వాత ఇద్దరు ఔటయ్యారు గానీ ఆ మొదటామె అంచెలంచెలుగా మూడో బేస్ దాకా వచ్చేసింది. ఇంకో ఇరవై ఏడు మీటర్లు పరుగెత్తితే స్కోరు సమం. ఇంకొక్క ఔటు దొరికితే గెలుపు మాది. బ్యాట్ పట్టుకున్నామె వాళ్లలో అందరికంటే బలమైనది. కొట్టలేక తప్పితే స్ట్రైకు, మూడైతే ఔటు. ఆమెకు రెండు పడ్డాయి, మూడోది కావాలి.

"నేరుగ ఎయ్యమను! నేరుగ!" అని బెంచీ నుంచి సార్ అరుపు. మూడో బేస్ మీద మనిషి ఉన్నప్పుడు జారుడు బంతి అడగడం ఆత్మహత్యే. అది చేయి దాటిపోతే ఆ మనిషి నడుచుకుంటూ ఇంటికి చేరుతుంది. శ్రీవాణి ఎప్పుడూ అడగలేదు, అడిగే క్యాచర్ ఉండదు. కానీ నేరుగా వేస్తే ఈ బలమైనామె గోడ దాటిస్తుంది. గంగామణి ఒక్కసారి ఊపిరి పీల్చుకుని, తొడల మధ్య వేళ్లతో సైగ చేసింది. జారుడు బంతి.

నస్రీన్ అంత దూరం నుంచి నవ్వడం నాకు కనిపించింది.

బంతి నేరుగా వచ్చింది, వచ్చింది, జారింది. బ్యాట్ గాలిని కొట్టింది. మూడో స్ట్రైకు! కానీ బంతి నేలకు తగిలింది. నేలకు తగిలిన మూడో స్ట్రైకుతో పని పూర్తికాదు, బ్యాటర్ పరుగెత్తొచ్చు, ఆమెను బంతితో తాకాలి, లేదా ఆమెకంటే ముందే బంతిని మొదటి బేస్‌కు చేర్చాలి. బంతి మట్టిలోంచి లేచి నా కింది అంచుకు తగిలి నా నుంచి తప్పించుకుంది. నా వల్ల కాలేదు. గంగామణి నన్ను నమ్ముకుని కూర్చోలేదు, అప్పటికే రెండు మోకాళ్లూ నేలకు కొట్టి ఛాతీ అడ్డం పెట్టింది. బంతి ఆమె కవచానికి తగిలి ముందు పడింది. మూడో బేస్ మీదున్నామె దూసుకొస్తోంది. బ్యాటర్ ఏం జరిగిందో తెలియక రెండడుగులు వేసింది. గంగామణి వట్టి కుడిచేత్తో బంతి అందుకుని, నాలో కుక్కి, నాతో ఆ బ్యాటర్ వీపు మీద ఒక్కటి చరిచింది.

అంపైర్ పిడికిలి గాల్లోకి లేచింది. ఆ పైన నేను ఎవరి కాళ్ల కింద ఉన్నానో నాకే తెలియదు. జట్టంతా మా మీద పడింది.

సెమీఫైనల్లో ఓడిపోయామని కూడా చెప్పాలి. పదకొండు, రెండు. చిత్తుగా. అందులో శ్రీవాణే ఆడింది, మేం మళ్లీ గోడ పక్కన యాభై బంతులు పట్టి బెంచీ ఎక్కాం. తిరుగు బస్సులో విఠల్ సార్ నియమాల పుస్తకం కవరు చింపి కిటికీ పక్కన చదువుకుంటూ కూర్చున్నాడు. మధ్యమధ్య "అరె, గిట్లున్నదా!" అనుకున్నాడు. అందరూ విననట్టు నటించారు.

మూడేళ్లు గడిచాయి. శ్రీవాణికి బదిలీ అయింది. నా జోడుకు కుట్లు ఊడాయి, వీపు తోలు సుకుమారం అంతే. గంగామణి జట్టుకు అసలు క్యాచర్, నేను అసలు గ్లవ్. మొన్న మళ్లీ పేర్లు రాసే రోజు వచ్చింది. పదహారో చోటుకు ఇద్దరున్నారు. ఒకరు ఎడమచేత్తో కొట్టే బ్యాటర్. రెండో మనిషి స్వరూప, ఆర్టీసీ కండక్టర్, డ్యూటీ దిగి ఖాకీ బట్టల్లోనే గ్రౌండుకు వచ్చి క్యాచింగ్ నేర్చుకుంటోంది. సార్ పెన్ను ఎత్తి గంగామణి వైపు చూశాడు.

"నేనున్న కద సార్" అంది గంగామణి. "ఇంకో క్యాచర్ ఎందుకు? బ్యాటర్‌నే తీస్కుందం."

సార్ పెన్ను మూత పెట్టి మళ్లీ తీశాడు. నస్రీన్ గంగామణి వైపు వింతగా చూసింది. నేను ఆమె చేతికే ఉన్నాను, నాకూ ఆమె మాట తప్పనిపించలేదు, అదీ నిజమే. అసలు గ్లవ్‌గా ఉండడం చాలా బాగుంటుంది. నాకు పోటీ ఎందుకు?

గంగామణి తను ఏమందో తనకే వినిపించినట్టు ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి. అవతల గోడ పక్కన స్వరూప, సంచిలో మిగిలిన ఒక్క ఫీల్డర్ గ్లవ్ తొడుక్కుని, అది క్యాచింగ్‌కు పనికిరాదని తెలిసి కూడా, గోడకు బంతి కొట్టి పట్టుకుంటోంది. మధ్యమధ్య గ్లవ్ తీసి, ఎర్రగా కందిపోయిన చేతిని ఊదుకుంటోంది. "స్వరూప పేరు రాయుండ్రి సార్" అని గంగామణి లేచి వెళ్లి నన్ను చేతి నుంచి తీసి స్వరూప చేతికి తొడిగి, తాడు బిగించింది.

"జర మొండిది. తిట్టకు, అలవాటైతది" అంది.

కొత్త చేయి నాకు నచ్చలేదు. వేళ్లు పొడుగు, పట్టు వేరు, చెమట వేరు. గంగామణి మూడేళ్లలో మొదటిసారి వట్టి చేతులు ఊపుకుంటూ ఇంటి దారి పట్టింది, ఒకసారి కూడా వెనక్కి తిరగలేదు. నేను ఏడ్వగలిగితే ఏడ్చేవాణ్ణి. కానీ అంతలో నస్రీన్ విసిరిన బంతి నా గుంటలో టప్పుమని కూర్చుంది, స్వరూప కందిపోయిన చేతిని ఒకసారి విదిలించి, బస్సులో జనాన్ని ముందుకు జరగమనే గొంతుతో అరిచింది.

"ఇంకోటి ఎయ్యి!"